పదును లెక్క ఎవరి చేతిలో

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు దగ్గర భైరవాలయం ముందు ఒక పెద్ద శాసనం ఉంది. 1369 నాటిది. విజయనగరం మొదటి బుక్కరాయల కొడుకు భాస్కర భవదూరుడు ఆ చెరువు కట్టించి శాసనం వేయించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు రెండేళ్ల పాటు పనిచేశాయని అందులో ఉంది. చెరువు తవ్విస్తే వచ్చే పుణ్యం గురించి చెప్పే శాసనాలు సీమలో చాలానే ఉన్నాయి. దీని గొప్పతనం వేరు. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, తప్పించుకోవలసిన ఆరు దోషాలు ఇందులో వరసగా చెక్కారు. నీటి శాస్త్రం తెలిసిన మనిషి ఉండాలన్నది అంగాల్లో ఒకటి. దోషాల్లో కట్ట ఊట పెట్టడం ఉంది, చవుడు నేల ఉంది, రెండు రాజ్యాల పొలిమేరలో పడడం ఉంది. నీళ్లు కొద్దిగా ఉండి ఆయకట్టు పెద్దదైపోవడం కూడా దోషమేనని రాశారు.

ఆ దోషం ఆరున్నర శతాబ్దాలుగా సీమ రైతు నెత్తి మీదే ఉంది. నేను పుట్టింది కర్నూలు జిల్లా పత్తికొండ వైపు ఊళ్లో. అత్తగారిల్లు కడప జిల్లా. రెండు చోట్లా సగటు వాన ఏడాదికి ఏడు వందల మిల్లీమీటర్లకు అటూ ఇటూ. అదైనా వరసగా పడదు. రెండు వానలు దంచి కొట్టి, నలభై రోజులు మొహం చాటేస్తాయి. అందుకే ఇక్కడ సేద్యమంటే సగం పని లెక్క. ఎన్ని నీళ్లున్నాయి, ఎంత నేల తడుస్తుంది, ఎప్పుడు విత్తాలి అన్న మూడు ప్రశ్నలూ తెగితే తప్ప గొర్రు కదలదు.

ఇప్పుడు ఆ ప్రశ్నలకు జవాబు చెప్పడానికి క్లౌడ్ వచ్చింది, ఎడ్జ్ వచ్చింది. పొలంలో సెన్సర్ తీసిన కొలతను ఎక్కడో ఉన్న పెద్ద కంప్యూటర్ల కేంద్రానికి పంపి అక్కడ లెక్క కట్టించడం క్లౌడ్ పద్ధతి. కొలత తీసిన చోటే, బోరు పక్కనో రైతు ఇంట్లోనో ఉన్న చిన్న యంత్రంతో లెక్క తేల్చుకోవడం ఎడ్జ్ పద్ధతి. యంత్రాలు కొత్తవే. కొలత ఊళ్లో ఉండి లెక్క ఎక్కడ జరగాలన్న తగాదా మాత్రం మా రెండు జిల్లాల్లో చాలా పాతది. దాని చరిత్ర చెప్పుకోకుండా ఈ యంత్రాల మంచిచెడ్డలు తేల్చలేం.

చెరువుల కాలంలో ఆ లెక్క నీరుగంటిది. తూము దగ్గర నిలబడి నీటి మట్టం చూసి, ఈ ఏడు ఏ మడి దాకా నీళ్లందుతాయో అతనే చెప్పేవాడు. చూసే కన్నూ, లెక్కించే బుర్రా, తూము ఎత్తే చెయ్యీ ఒక్క మనిషివే. జవాబు తప్పయితే మర్నాడు ఊరంతా అతని ఇంటి ముందు ఉంటుంది. పెత్తందారు మడికి నీళ్లు ముందు పారడం, దళితవాడ మడులకు చివరికి అందడం ఆ రోజుల్లోనూ ఉంది. ఆ వ్యవస్థను నేను పొగడను. కాని లెక్క ఊరు దాటి పోలేదన్నది నిజం.

1800లో నిజాం ఈ సీమను కుంపిణీకి ధారాదత్తం చేశాక లెక్క ఊరు దాటింది. దత్త మండలాలకు ప్రధాన కలెక్టరుగా వచ్చిన థామస్ మన్రో 1807 దాకా ఉండి పొలం పొలం కొలిపించాడు. మా తాత కరణం. ఆయన అడంగల్ పుస్తకాలు నేను చిన్నప్పుడు చూశాను. ఏ సర్వే నంబరులో ఏ పైరు, ఎన్ని ఎకరాలు, తడో పొడో, పండిందో ఎండిందో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి ఉండేది. ఆ అంకెలు ఊరి నుంచి తాలూకాకు, తాలూకా నుంచి కలెక్టరు కచేరీకి, అక్కడి నుంచి మద్రాసుకు పోయేవి. శిస్తు ఎంతన్నది అక్కడ తేలేది. ఫలానా చేలో ఏం వేసుకుంటే మేలో చెప్పే ఉత్తరం ఒక్కటి కూడా అక్కడి నుంచి వెనక్కి వచ్చేది కాదు. రైతుకు తిరిగొచ్చేది తాఖీదు మాత్రమే.

దూరపు లెక్క ఎంత దూరం తప్పగలదో కర్నూలు–కడప కాలువ చూపించింది. 1858లో లండన్‌లో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ సుంకేసుల దగ్గర తుంగభద్రకు ఆనకట్ట వేసి ఆ కాలువ తవ్వింది. కాలువ వస్తే రైతులంతా డబ్బు కట్టి నీళ్లు తీసుకుంటారని వాటాదారులు అనుకున్నారు. నల్లరేగడిలో జొన్న, పత్తి వేసుకునే రైతుకు ఆ నేల పట్టి ఉంచే తేమే చాలు. అతను నీళ్లు కొనలేదు. కంపెనీ దివాలా దారి పట్టింది, 1882లో ప్రభుత్వమే కాలువను కొనేసింది. రేగడి చేను ఎన్ని రోజులు తడి పట్టి ఉంచుతుందో నంద్యాలలో ఏ కాపును అడిగినా చెప్పేవాడు.

అంతకన్నా ఘోరమైన సంగతి ఈ మధ్యలోనే జరిగింది. ధాత నామ సంవత్సరం, 1876. ఆ ఏడు మొదలైన కరువు 1878 దాకా సాగింది. 1871, 1881 జనాభా లెక్కలు పక్కపక్కన పెట్టి చూస్తే కర్నూలు జిల్లాలో దాదాపు నాలుగో వంతు జనం తగ్గిపోయారు. అప్పటికి వానకొలతలు ఉన్నాయి, తంతివార్తలు ఉన్నాయి. వాన పడలేదన్న సంగతి ప్రభుత్వానికి చేరింది. కలకత్తా నుంచి వచ్చిన రిచర్డ్ టెంపుల్, కరువు పనిలో మట్టి మోసే మనిషికి రోజుకు ఒక పౌను ధాన్యానికి సరిపడా కూలి చాలునన్నాడు. అంటే అర కిలోకు కొంచెం తక్కువ. మద్రాసు శానిటరీ కమిషనర్ కార్నిష్, పనిచేసే ఒంటికి అది చాలదని గట్టిగా వాదించాడు. ఆయన శవాలను, ఎండిన ఒళ్లను కళ్లారా చూసి మాట్లాడాడు. టెంపుల్ ఖజానా చూసి మాట్లాడాడు. నెలల తర్వాత కూలి పెంచారు గాని అప్పటికే పోయినవాళ్లు పోయారు. కొలతలు లేక జనం చావలేదు. ఆ కొలతల మీద నిర్ణయం ఎవరు చేశారు, ఎవరి కోసం చేశారు అన్నదే చంపింది. ఈ మాట నేను ఊరికే అనడం లేదు. కంప్యూటర్ల గురించి మాట్లాడేటప్పుడు కూడా మా సీమవాళ్లు ఈ కరువును తలుచుకోవాలి.

కరువు తర్వాత కొంత బుద్ధి వచ్చింది. 1875లో పుట్టిన వాతావరణ శాఖ 1886 నుంచి రుతుపవనాల ముందస్తు అంచనాలు ఇవ్వడం మొదలుపెట్టింది. 1880 నాటి కరువు కమిషన్ వ్యవసాయ శాఖలు పెట్టమంది. 1906లో నంద్యాలలో వ్యవసాయ పరిశోధనా క్షేత్రం వచ్చింది. 1932లో పుణెలో ఎల్.ఎ. రామదాస్ ఆధ్వర్యంలో వ్యవసాయ వాతావరణ విభాగం మొదలైంది. 1945లో రేడియోలో రైతుల కోసం వాతావరణ బులెటిన్ చదవడం ప్రారంభించారు. కడపలో ఆకాశవాణి కేంద్రం 1963లో వచ్చింది. తొలిసారిగా దూరపు లెక్కకు జవాబు గొంతు రూపంలో సీమ ఇంటి అరుగు మీదికి చేరింది. కాని ఆ గొంతు జిల్లా మొత్తానికి ఒకే మాట చెప్పేది. 'అక్కడక్కడ జల్లులు' అంటే మా చేనికా, పొలిమేర అవతలి చేనికా? మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందన్న సామెతనే మా నాయన రేడియో కన్నా ఎక్కువ నమ్మేవాడు. గుప్పెడు మట్టి తీసి పిడికిట్లో నొక్కి, ముద్ద కడితే విత్తన పదును అయిందనేవాడు. ఇక ఊరి లెక్క పైకి పంపే కరణం, మునసబు పదవులను 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం రద్దు చేసింది. కరణాల జులుం గురించి మా ఊళ్లో విన్న కథలు తలుచుకుంటే అది సరైన పనే. మా తాతే ఆ మాట అన్నాడు.

ఇక నేను కళ్లారా చూసిన కాలం.

తొంభైల నాటికి కడప వైపు చీనీ తోటలు పెరిగాయి, బోర్లు లోతుకు దిగాయి. 2004 మేలో ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే వై.ఎస్. రాజశేఖరరెడ్డి ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టారు. రైతు అప్పులో పడి ఉన్న రోజుల్లో అది పెద్ద ఊరట, కాదనను. కాని కరెంటుకు లెక్క లేకపోతే నీటికీ లెక్క లేకుండా పోతుంది. పక్క చేనిలో మూడు వందల అడుగులు వేస్తే మనం నాలుగు వందలు. బోరు ఎండిపోయి తోటను కొట్టి పొయ్యిలో పెట్టుకున్న ఇళ్లు నాకు తెలుసు.

ఆ రోజుల్లోనే, 2003లో, ఆంధ్రప్రదేశ్ రైతు భూగర్భ జల యాజమాన్య పథకం మొదలైంది. ఏపీఫామ్స్ అని పొట్టి పేరు. నెదర్లాండ్స్ డబ్బుతో మొదలై, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ చేతికి వచ్చింది. కర్నూలు జిల్లాలో పుట్టిన బర్డ్స్ అనే సంస్థ ముందు నిలబడి, మరికొన్ని స్వచ్ఛంద సంస్థలతో కలిసి ఏడు కరువు జిల్లాల్లో ఆరు వందలకు పైగా పల్లెల్లో నడిపింది. కర్నూలు, కడప, అనంతపురం, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ ఆ ఏడు. రెండు వేలకు పైగా పరిశీలన బోర్లు పెట్టుకున్నారు. వాటిని కొలిచింది ఇంజనీర్లు కారు, మేమే. చదువు అంతంతమాత్రంగా ఉన్న ఆడవాళ్లం కూడా నేర్చుకున్నాం.

పని ఇలా ఉండేది. పదిహేను రోజులకోసారి బోరులోకి టేపు దించాలి. కొస నీటికి తగలగానే పైన బజర్ మోగుతుంది, అప్పుడు టేపు మీద మీటర్లు చదివి పుస్తకంలో ఎక్కించాలి. పైపు కింద డ్రమ్ము పెట్టి, అది నిండడానికి ఎన్ని సెకన్లు పట్టిందో స్టాప్‌వాచ్‌తో చూసి గంటకు ఎన్ని లీటర్లు పోస్తోందో కట్టాలి. ఊరి వానకొలతలో రోజూ ఉదయం వాన చూడాలి. ఇవన్నీ ఊరి గోడ మీద రంగు వేసిన బోర్డులో రాయాలి. దారిన పోయే ఎవరైనా చూడొచ్చు, తప్పుంటే అక్కడే నిలదీయొచ్చు.

ఖరీఫ్ అయి రబీకి దుక్కి దున్నే ముందు, ఒకే వాగు కిందికి వచ్చే ఊళ్లన్నీ నీటి బడ్జెట్ సభకు ఒక చోట చేరేవి. ఎకరం మీద ఒక మిల్లీమీటరు వాన అంటే సుమారు నాలుగు వేల లీటర్లు. జూన్ నుంచి పడిన వానలో ఎంత నేలలోకి ఇంకింది, బోర్లు ఎంత తోడేశాయి, మిగిలింది ఎంత? ఇదొక పక్క. ఎవరెవరు ఏం వేయాలనుకుంటున్నారో మరో పక్క. వరికి పన్నెండు వందల మిల్లీమీటర్ల నీరు కావాలి, వేరుశనగకు ఐదు వందల లోపు చాలు. రెండు పక్కలా కూడి చూస్తే చాలా ఏళ్లు లోటే తేలేది. అప్పుడు ఎవరూ ఎవరినీ వరి వేయొద్దని శాసించలేదు. జరిమానా లేదు, సబ్సిడీ లేదు. ఇంటికి పోయి ఎవరి మడి గురించి వాళ్లే ఆలోచించుకున్నారు. కొందరు వరి మానేశారు, కొందరు సగానికి తగ్గించారు, ఇంకొందరు డ్రిప్పుకు అర్జీ పెట్టారు. 2010లో ప్రపంచ బ్యాంకు భారత భూగర్భ జలాల మీద వేసిన నివేదికలో ఈ పల్లెలను ప్రత్యేకంగా చెప్పింది. చట్టం లేకుండా, లెక్క చేతికిస్తే రైతులు తమంతట తాము నీరు తగ్గించుకున్న అరుదైన చోట్లలో ఇదొకటి.

ఎడ్జ్ కంప్యూటింగ్ అంటే ఏమిటని మా మేనల్లుడు నాకు చెప్పబోతే, ఇదే కదా అన్నాను. కొలత ఊరిదే, గుణించింది ఊరే, నిర్ణయమూ ఊరిదే. పైకి పోయింది సారాంశం మాత్రమే. పథకం డబ్బు ఆగిపోయాక చాలా ఊళ్లలో టేపులు మూలపడ్డాయి, గోడ మీద రంగు వెలిసింది. తర్వాత వెళ్లి చూసిన పరిశోధకులు ఆ సంగతీ రాశారు. నిజమే. పదిహేను రోజులకోసారి ఎండలో పది బోర్లు తిరిగే పని ఊరికే చేయమంటే ఎన్నాళ్లు చేస్తారు? యంత్రం అవసరమైంది సరిగ్గా అక్కడే. కొలిచే శ్రమ యంత్రానికి ఇచ్చి, లెక్క ఊళ్లోనే ఉంచుంటే బాగుండేది. జరిగింది ఇంకోలా. రాష్ట్రంలో వెయ్యికి పైగా పీజోమీటర్లకు, అంటే భూగర్భ నీటి మట్టం చూసే బోర్లకు, టెలిమెట్రీ బిగించారు. నీటి మట్టం దానంతటదే కొలిచి జలవనరుల సమాచార వ్యవస్థకు పంపేస్తుంది. పాలకులకు అది అక్కరకొచ్చే పనే. మా గోడ మీద బోర్డు మాత్రం ఖాళీ.

క్లౌడ్ వైపు మంచి జరిగిన ఉదాహరణ కూడా మా పుట్టింటి వైపే ఉంది. 2016 జూన్‌లో దేవనకొండ మండలంలో అంతర్జాతీయ మెట్ట పంటల పరిశోధనా సంస్థ ఇక్రిశాట్, మైక్రోసాఫ్ట్, రాష్ట్ర ప్రభుత్వం కలిసి విత్తే కాలం చెప్పే పని మొదలుపెట్టాయి. అంతకు ముందు ఏడాది సెప్టెంబరులోనే మైక్రోసాఫ్ట్ పుణె, చెన్నై, ముంబైలలో తన క్లౌడ్ కేంద్రాలు తెరిచింది. 1986 నుంచి 2015 దాకా ముప్పై ఏళ్ల వాతావరణం లెక్కలు తీసుకున్నారు. పైరుకు కావలసిన తేమలో నేల, వాన కలిసి ఎంత ఇవ్వగలవన్న సూచీ కట్టారు. మా నాయన పిడికిట్లో చూసిన పదునుకు అది అంకె రూపం. రాబోయే రోజుల వాన అంచనాను దానికి కలిపి, 175 మంది వేరుశనగ రైతులకు తెలుగులో మెసేజ్‌లు పంపారు. స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదు, పొలంలో సెన్సర్ అక్కర్లేదు, ఖర్చు లేదు. విత్తన శుద్ధి, విత్తే లోతు, కలుపు, కోత దాకా ఒక్కో మెసేజ్.

ఆ ఏడు జూన్ మొదట్లో వాన పడగానే ఎప్పటిలాగే గొర్రులు కట్టినవాళ్లున్నారు. మెసేజ్ మాత్రం ఆగమంది. జూన్ చివరి వారంలో విత్తమంది. మా అన్న ఆ జాబితాలో లేడు. పక్క ఊరి స్నేహితుడి ఫోన్‌లో చూసి వచ్చి, వాన పడ్డాక ఆగడం ఎంత కష్టమో రాసినవాళ్లకు తెలుసా అని అడిగాడు. ఆ కష్టం నాకు తెలుసు. పక్క చేలో బుడ్డలు పడుతుంటే చేతులు కట్టుకుని గట్టు మీద కూర్చోవడం మామూలు గుండెకు సాధ్యం కాదు. ఆగినవాళ్లకు హెక్టారుకు సగటున 30 శాతం ఎక్కువ దిగుబడి వచ్చిందని ఇక్రిశాట్ ప్రకటించింది. మరుసటి ఏడు ఆంధ్ర, కర్ణాటకల్లో మూడు వేల మందికి పైగా రైతులకు విస్తరించారు. పైర్లను బట్టి 10 నుంచి 30 శాతం లాభం చెప్పారు.

ఒక్క మండలం, ఒక్క కారు పంట, 175 మంది. దీని మీద ఆకాశమంత మేడ కట్టడం తగదు. అయినా నేను ఈ పనిని గౌరవిస్తాను. అంతకు ముందు రెండు వందల ఏళ్లలో మా అంకెలు ఎన్నోసార్లు పైకి పోయాయి. వాటికి జవాబు విత్తే పొద్దుకు, మా భాషలో, రైతు జేబులోకి రావడం మా వైపు ఇదే మొదలు. ముప్పై ఏళ్ల వాతావరణాన్ని ఊరి గోడ మీద కట్టలేం. దానికి పెద్ద యంత్రమే కావాలి.

చిన్న యంత్రం చేయవలసిన పని వేరే ఉంది. రాత్రి రెండింటికి త్రీఫేజ్ వచ్చేది. బావి దగ్గరికి పోతే పాము, కరెంటు షాకు. అందుకే మోటారుకు ఆటో స్టార్టరు పెట్టారు, కరెంటు రాగానే తిరుగుతుంది. తర్వాత ఫోన్‌తో నడిచే స్టార్టర్లు వచ్చాయి. బెంగళూరు కంపెనీ తెచ్చిన కిసాన్ రాజా అలాంటిదే. బోరులో నీళ్లు అయిపోతే మోటారు కాలకముందే ఆపేస్తుంది, ఫేజు పోతే ఆపేస్తుంది. ఆ నిర్ణయం సెకన్లలో జరగాలి. చెన్నైకి పోయి జవాబు తెచ్చుకునేంత టైము లేదు, రాత్రి రెండింటికి సిగ్నలూ ఉండదు. అమెరికాలోనూ ఇదే ఇబ్బంది. మైక్రోసాఫ్ట్ పరిశోధకుడు రణ్‌వీర్ చంద్ర బృందం ఫామ్‌బీట్స్ అనే పనిలో, ఖాళీగా ఉన్న టీవీ తరంగాల మీద పొలం నుంచి రైతు ఇంటికి సమాచారం తెచ్చి, ఇంట్లో కంప్యూటర్ మీదే చాలా లెక్క చేయించింది. నెట్ తెగినా పని ఆగదు. క్లౌడ్‌కు సారాంశమే పోతుంది. 2017లో ఆ పత్రం వచ్చింది. మా నీటి బడ్జెట్ సభల పద్ధతికి, దానికి పెద్ద తేడా నాకు కనబడలేదు.

నా బాధ ఒకటి చెప్పాలి. మా ఊళ్లో ఒక చీనీ తోటలో ఒక కంపెనీ తేమ సెన్సర్లు పెట్టింది. మొదట్లో ఫోన్‌లో గీతలు, రంగులు చూసి ఊరంతా మురిసిపోయాం. చందా గడువు తీరాక యాప్ తెరుచుకోలేదు. అన్నాళ్ల తేమ కొలతలు ఆ తోటవే, కొలిచింది ఆ నేలనే, రైతు చేతిలో ఒక్క అంకె లేదు. మా తాత అడంగల్ కూడా ప్రభుత్వానిదే గాని, కచేరీలో నకలుకు అర్జీ పెట్టుకుంటే ఇచ్చేవారు.

2020 మే 30న రైతు భరోసా కేంద్రాలు వచ్చాయి, ఇప్పుడు రైతు సేవా కేంద్రాలంటున్నారు. ఈ-పంట నమోదులో మా చేను ఫొటో, మా చేను నంబరు ఎక్కిస్తున్నారు. పంట నష్టం వస్తే అది అక్కరకొస్తుంది, మంచిదే. ఆ కేంద్రం గోడ మీద మాకు కావలసింది ఇంకొకటి ఉంది. దగ్గరి పీజోమీటర్‌లో ఈ పక్షం నీటి మట్టం, మండల వానకొలతలో పడిన వాన, రబీకి మిగిలిన నీరు ఎన్ని ఎకరాలకు చాలుతుందో తేల్చిన లెక్క. ఈ మూడూ పెద్ద తెలుగు అక్షరాల్లో, నెట్ ఉన్నా లేకపోయినా కనబడాలి. సెన్సర్ పెట్టే ప్రతి కంపెనీ కొలతల నకలు రైతుకు ఇచ్చి తీరాలని ప్రభుత్వం షరతు పెట్టాలి. ఈ పని చేయగల సాఫ్ట్‌వేర్ పిల్లలు కర్నూలు, కడప ఊళ్ల నుంచే హైదరాబాదుకు, బెంగళూరుకు వందల మంది పోయారు. ఈ రబీలో దుక్కులకు ముందు ఒక్కొక్కరూ మీ ఊరికి ఒక్క బోర్డు పెట్టించండి.